టేపు తీయని నలభై ఒకటో సంచిక

నార్విచ్,
3 సెప్టెంబర్ 2000

మాల్కమ్ అన్నయ్యకి,

అమ్మ పంపిన పెట్టె నిన్న వచ్చింది. ఇంటికప్పు కారుతోందని అటక ఖాళీ చేయిస్తోందట. చందా నా పేరు మీద ఉండేది కాబట్టి ‘ఇనుప గుడ్లగూబ’ ఆటల పత్రిక సంచికలన్నీ నావేనని తీర్మానించి, నిన్ను అడక్కుండానే పార్సిల్ కట్టేసింది. నీకు కావాలంటే చెప్పు, పోట్లాడుకుందాం. ఈస్టర్‌కి ఫోన్లో మనం అరుచుకున్న అరుపులు ఆవిడ ఇంకా మర్చిపోలేదు. "ఇకమీదట మీరిద్దరూ ఉత్తరాలే రాసుకోండి, కాగితం మీద అరవడం కష్టం" అంది. నాకేం కష్టం లేదు, చూస్తూ ఉండు.

రాత్రి భోజనం మానేసి మరీ చదివాను. ఎంత బాగుండేదో ఆ పత్రిక! మరుగుజ్జు జాతి ఆడవాళ్ళకి గడ్డాలు ఉంటాయా ఉండవా అని పాఠకులు నెలల తరబడి కొట్టుకున్నారు, గుర్తుందా? నువ్వు కూడా ఉంటాయని ఒక ఉత్తరం రాశావు, అచ్చయింది కూడా. పదిహేడో సంచిక అట్టమీద మంచుకొండ ఎక్కుతూ ఇనుప రవిక తప్ప ఇంకేమీ తొడుక్కోని వీరవనితకి అమ్మ నీలం బాల్‌పెన్నుతో పొడుగుచేతుల స్వెట్టర్ గీసింది. గుండీలతో సహా! నవ్వలేక చచ్చాను.

నా నవ్వు విని పక్కింటి డోరీన్ వచ్చింది. ఇదేం ఆట అని అడిగింది. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని అందులో ఏం చేస్తారో చెబుతారు, తేలని చోట పాచికలు వేస్తారు అని చెప్పాను. "మరి గెలిచేదెవరు?" అంది. ఎవరూ గెలవరు, బతికి బయటపడితే చాలు అన్నాను. జాలిగా చూసి వెళ్ళింది.

పెట్టె అడుగున నలభై ఒకటో సంచిక కనిపించింది. ‘ఉప్పు బావి’ కథ ఉన్న పేజీలకి అమ్మ వేసిన గోధుమరంగు టేపు అలాగే ఉంది. ఆడేవాళ్ళెవరూ ముందే చదివేయకుండా అమ్మ టేపు వెయ్యడం, దాని మీద మేం నలుగురం సంతకాలు పెట్టడం, ఆట పూర్తయిన రోజు అమ్మే కత్తెరతో కొయ్యడం మనింటి ఆచారం కదా. నాది, అప్పటికింకా నా మొగుడు కాని రస్సెల్‌ది, క్లైవ్‌ది, హోవర్డ్‌ది, నాలుగు సంతకాలూ చెక్కుచెదరలేదు. నువ్వు మాత్రం స్టేషన్లో కొనుక్కున్న నీ ప్రతి చూసి ఆట నడిపేవాడివి.

ఒక మాట అడగనా? నా మోర్వాని చంపింది పత్రికలో రాసి ఉన్న ఉచ్చా, నువ్వా? మూడేళ్ళు ప్రాణంలా చూసుకున్న పాత్ర. ఆ బావి తలుపు దగ్గర "పోయింది" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నావు. ఒక్క పాచిక కూడా చూపించలేదు. ఈ టేపు కోస్తే ఇప్పుడే తెలిసిపోతుంది.

నీ చెల్లెలు,
లొరెయిన్


హాలిఫాక్స్,
10 సెప్టెంబర్ 2000

లొరెయిన్‌కి,

ఉత్తరం అందింది. అమ్మ కులాసా. కప్పు బాగుచేసే మనిషి నిచ్చెన పెట్టి వెళ్ళాడు, మళ్ళీ పత్తా లేడు. నిచ్చెన మాత్రం కులాసాగానే ఉంది.

గడ్డాల సంగతి: నేను రాసింది ముమ్మాటికీ నిజం. మూడో నియమ పుస్తకం చూసుకో.

టేపు కొయ్యకు.

ఎందుకంటే, క్లైవ్ భార్యాపిల్లలతో న్యూజిలాండ్ వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేలోపు ఉప్పు బావి మనందరితో మళ్ళీ ఒకసారి ఆడాలని వాడి కోరిక. చర్చి హాలు నవంబర్ నాలుగు, శనివారం మనకే ఇస్తామన్నారు. హోవర్డ్ వస్తున్నాడు. నువ్వూ రస్సెలూ రావాలి. ఆ కథ చదివేస్తే నువ్వు ఆడటానికి పనికిరావని నీకు నేను చెప్పాలా?

నా ప్రతి ఎప్పుడో పోయింది. కాబట్టి నీ ప్రతిని టేపు తియ్యకుండా పట్టుకొచ్చి నా చేతికివ్వు. నేను పక్కగదిలో విప్పి చూసుకుని ఆట నడుపుతాను. పోస్టులో పంపినా సరే. అలా అయితే ఇంకా మంచిది.

మోర్వా గురించి అడిగావు. అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. తలుపు తెరిచింది, పోయింది.

మాల్కమ్


నార్విచ్,
16 సెప్టెంబర్ 2000

అన్నయ్యా,

పోస్టులో పంపితే ఇంకా మంచిదా? ఎవరికి మంచిది? సాక్ష్యం ఉన్న ఒకే ఒక్క కాగితాన్ని తెచ్చి ముద్దాయి చేతికిమ్మంటున్నావు. పక్కగదిలో విప్పుతావట! నీకు నేను అంత వెర్రిదానిలా కనిపిస్తున్నానా?

ఇంకోటి కూడా బయటపడింది. నలభై మూడో సంచికలో ‘వీరమరణాలు’ పేజీ ఉంది చూడు, చచ్చిన పాత్రల పేర్లు పాఠకులు రాసి పంపితే నల్లగీతల మధ్య వేసేవాళ్ళు. అందులో, కింద మూలన: "మోర్వా, తాళాల దొంగ, హాలిఫాక్స్. ఉప్పు బావి తలుపు దగ్గర ఒంటరిగా పోయింది." హాలిఫాక్స్ నుంచి ఆ పేజీకి రాసేవాడివి నువ్వొక్కడివే. ఒంటరిగా పోయిందా! అంటే తోటివాళ్ళ కోసం ఆగకుండా తొందరపడి దూకి చచ్చిందని, తప్పంతా దానిదేనని ఊరూవాడా చాటావన్నమాట. ఆ తలుపు తెరుద్దామని నలుగురం కలిసే అనుకున్నాం. తాళాలు తీసేది మోర్వా కాబట్టి అది ముందు నిలబడింది, అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది.

చంపావు సరే. మరుసటి శుక్రవారమే నా కుర్చీలో హోవర్డ్ వాళ్ళ పిన్ని కొడుకుని కూర్చోబెట్టావని క్లైవ్ వాళ్ళావిడ చెప్పింది. నేను ఏడ్చుకుంటూ గదిలో పడుకుని ఉంటే కింద మీరు కులాసాగా ఆట పూర్తి చేసుకున్నారు. నా పెళ్ళిలో నిన్ను చివరి బల్ల దగ్గర, అతిథుల కోటులు తగిలించే గది పక్కన ఎందుకు కూర్చోబెట్టానో ఇప్పటికైనా తెలిసిందా? రస్సెల్ ఆ రోజు కూడా అన్నాడు, "పోనీలే, మీ అన్నయ్య కదా" అని. ఇప్పుడూ అదే పాట. "పాత చెత్త మళ్ళీ ఎందుకు తవ్వడం?" అంటూ పెట్టెని తనే అటకెక్కించాడు. నేను మళ్ళీ దింపాను.

నవంబర్‌కి వచ్చేదీ లేనిదీ ఇంకా చెప్పలేను.

లొరెయిన్


హాలిఫాక్స్,
22 సెప్టెంబర్ 2000

లొరెయిన్,

మేం పూర్తి చెయ్యలేదు.

ఆ కుర్రాడు ఒక్కరోజు వచ్చాడు. నీ కుర్చీలో కూర్చున్నాడు, నిజమే. అమ్మ టీ తెచ్చేలోపే సర్దేసుకున్నాం. ఆ తర్వాత ఆ బల్ల చుట్టూ ఎవరం కూర్చోలేదు. నమ్మకం లేకపోతే నీ ఒళ్ళో ఉన్నదాన్ని ఒకసారి చూసుకో. పూర్తయిన రోజున అమ్మ టేపు కోసేది. నువ్వే రాశావు కదా, చెక్కుచెదరలేదని.

‘వీరమరణాలు’ పేజీకి రాసింది నేనే. నువ్వనుకున్న అర్థంతో రాయలేదు. అంతకంటే చెప్పలేను.

దీనితో పాత్ర వివరాలు నింపుకునే ఖాళీ కాగితం ఒకటి పంపుతున్నాను. కొత్త పాత్రని తయారు చేసుకో. దొంగే కానక్కర్లేదు. ఆడటానికి వచ్చేట్టయితే రా, పాతవి తవ్వడానికైతే వద్దు. రస్సెల్‌ని ఇందులోకి లాగకు. అతనికి దీనితో ఏ సంబంధమూ లేదు.

కప్పు మనిషి వచ్చి నిచ్చెన తీసుకెళ్ళిపోయాడు. కప్పు ఇంకా కారుతూనే ఉంది.

మాల్కమ్


నార్విచ్,
29 సెప్టెంబర్ 2000

అన్నయ్యా,

నీ ఖాళీ కాగితాన్ని రెండు ముక్కలు చేసి తిప్పి పంపుతున్నాను. కొత్త పాత్రట! కుక్క చచ్చిపోతే ఇంకో కుక్కని తెచ్చుకోమన్నట్టుంది.

మీరు పూర్తి చెయ్యలేదని మాత్రం నాకు నిజంగా తెలియదు. టేపుని ఎన్నిసార్లు తడిమి చూశానో! నువ్వు చేసిన మోసం దాని లోపల ఉందనే చూశాను గానీ, ఆట ఆగిపోయిందని అది పైనుంచే చెబుతోందని తోచలేదు. దానికి మాత్రం క్షమించు.

కానీ ఒకటి చెప్పు. రస్సెల్‌ని ఇందులోకి లాగింది ఎవరు? ‘పాత చెత్త తవ్వొద్దన్నాడు’ అని రాశాను, అంతే. అతనికి సంబంధం ఉందని నేను అన్నానా? నువ్వెందుకు భుజాలు తడుముకుంటున్నావు, అదీ అతని భుజాలు?

నీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను. ఆ చివరి మాట దగ్గరికి రాగానే తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. కుళాయి కట్టాడు, మళ్ళీ తిప్పాడు. "మాల్కమ్ చెప్పినట్టు చెయ్యి, టేపు ముట్టుకోకు" అన్నాడు. ఎందుకని అడిగితే, "ఆట పాడవుతుంది" అన్నాడు. పద్నాలుగేళ్ళలో మీరిద్దరూ ఒకే మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి. మీ మధ్య ఏదో ఉంది. నేను ఒక్కదాన్నే తెలియకుండా తిరుగుతున్నాను.

వచ్చే ఆదివారం దాకా చూస్తాను. ఈలోపు నువ్వు చెబితే సరే. లేకపోతే కత్తెర బల్ల మీదే ఉంది.

లొరెయిన్


హాలిఫాక్స్,
3 అక్టోబర్ 2000

చెల్లీ,

నేను నిన్ను బతిమాలడం నీకు గుర్తుందా? నాకైతే లేదు. ఇప్పుడు బతిమాలుతున్నాను. కొయ్యకు.

నీకు కావలసింది రాసిస్తున్నాను, దాచుకో. మోర్వాని చంపింది నేనే. పత్రికలో ఉచ్చు లేదు. నియమాలు పక్కనపెట్టి నా ఇష్టం వచ్చినట్టు చెప్పాను. ప్రతి శుక్రవారం నీదే పైచెయ్యి అవుతోందని కడుపుమంట. అందుకే చంపాను. ఇదిగో కింద సంతకం కూడా పెడుతున్నాను. ఫ్రేము కట్టించుకుని గోడకి తగిలించుకో. బంధువులందరికీ చూపించు. క్రిస్మస్‌కి అందరి ముందూ చదివినా నోరెత్తను.

దీనితో సరిపెట్టుకో. కత్తెర తీసి లోపల పెట్టు. నా కోసం కాదు.

మాల్కమ్ ఆర్థర్ థ్వెయిట్


నార్విచ్,
8 అక్టోబర్ 2000

అన్నయ్యా,

కోశాను.

నీ ఉత్తరం రాకపోయి ఉంటే బహుశా కొయ్యకపోయేదాన్నేమో. ‘నియమాలు పక్కనపెట్టి’ అని నువ్వు రాశావు చూడు, అక్కడే దొరికిపోయావు. మరుగుజ్జు ఆడదాని గడ్డం కోసం లండన్ దాకా ఉత్తరం రాసినవాడివి. నువ్వు నియమం తప్పడమా? నువ్వు ఎవరినో కాపాడటానికి అబద్ధం ఆడుతున్నావని తెలిసిపోయింది. ఎవరినో అని ఎందుకులే, ఆ ‘ఎవరో’ అప్పుడు నా ఎదురుగా కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు.

అతని ముందే కోశాను. ఉప్పు బావి తలుపు పన్నెండో గదిలో ఉంది. అక్కడ రాసింది నీకు గుర్తుండే ఉంటుంది, అయినా రాస్తాను. తలుపు తెరిచినవారి కాళ్ళ కింద నేల విరిగిపోతుంది. అక్కడ పాచికలు లేవు. తోటివాళ్ళకి ఆట నడిపేవాడు చీటీలు ఇవ్వాలి. పడిపోతున్నవారి చెయ్యి పట్టుకుంటారా లేదా, అవుననో కాదనో రాయించాలి. ఒక్కరు అవునన్నా ఆ మనిషి బతుకుతుంది. పట్టుకున్నవారి కుడిచెయ్యి మాత్రం ఉప్పుగడ్డ అయిపోతుంది. కింద నల్లటి అక్షరాల్లో: "ఎవరు ఏం రాశారో ఎప్పటికీ, ఎవరికీ చెప్పరాదు."

అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు నన్ను టీ పెట్టమని వంటింట్లోకి పంపావు. ఎప్పుడూ అమ్మే పెట్టేది. ఆ రోజు నన్ను పంపావు. నేను కప్పులతో తిరిగొచ్చేసరికి బల్ల మీద చిరిగిన కాగితపు ముక్కలు, నీ చేతిలో అగ్గిపుల్ల. ట్రే కింద పెట్టకముందే "మోర్వా పోయింది" అన్నావు. క్లైవ్ తల దించుకున్నాడు. హోవర్డ్ పాచికలు లెక్కపెట్టుకుంటున్నాడు. రస్సెల్ బిస్కట్లు తింటున్నాడు, ఒకదాని మీద ఒకటి.

ముగ్గురికి ముగ్గురూ కాదన్నారన్నమాట. ‘ఒంటరిగా పోయింది’ అంటే అదన్నమాట. నల్లగీతల మధ్య, చెప్పకూడని మాటని చెప్పకుండా చెప్పావు. దాన్ని పట్టుకుని నేను నిన్ను ఏమేం అన్నానో!

రస్సెల్‌ని అడిగాను. "నా పాత్ర మంత్రగాడు కదా లొరెయిన్, కుడిచెయ్యి లేకపోతే మంత్రాలు వెయ్యలేడు. క్లైవ్ పట్టుకుంటాడనుకున్నాను" అన్నాడు. క్లైవ్ హోవర్డ్ పట్టుకుంటాడనుకుని ఉంటాడు. దానికి నాకు నవ్వే వచ్చింది, నిజం. ఆటలో ఎవడి చెయ్యి వాడికి ముద్దు. ఆ చీటీని నేను ఆ పూటే క్షమించేదాన్ని.

కానీ అన్నయ్యా, అది కాదు నా బాధ. ప్రతి క్రిస్మస్‌కీ మా బల్ల దగ్గర నిన్ను తిట్టాను. మోసగాడన్నాను, అసూయ అన్నాను. పెళ్ళిలో కోటుల పక్కన కూర్చోబెట్టాను. నీకు పిల్లలు లేరు కాబట్టి నీకు ప్రేమంటే తెలియదని కూడా ఒకసారి అన్నాను. అదంతా ఈ మనిషి పక్కనే కూర్చుని విన్నాడు. "పోనీలే" అంటూ నాకు గ్రేవీ అందించాడు. ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. మోర్వా చెయ్యి వదిలేసినందుకు కాదు, నీ చెయ్యి నా చేత వదిలించినందుకు నాకు ఏడుపొస్తోంది.

విడిపోవడం లేదులే, కంగారుపడకు. పక్కగదిలో పెట్టె పక్కన పడుకుంటున్నాడు. నేను పిలిచేదాకా అక్కడే.

నువ్వు ఎందుకు చెప్పలేదు? నియమం ఉందనేనా? నిజం రాయి.

లొరెయిన్


హాలిఫాక్స్,
12 అక్టోబర్ 2000

చెల్లీ,

నియమం ఉంది. అది మొదటిది.

రెండోది. ఆ వారమే రస్సెల్ నాకు ఉంగరం చూపించాడు. నీకు నచ్చుతుందా అని అడిగాడు. నువ్వు అతన్ని ఎలా చూసేదానివో నేను చూసేవాణ్ణి. చీటీలు విప్పి చూస్తే అతని అక్షరాల్లో కూడా ‘కాదు’ అనే ఉంది. నీకు తెలిస్తే ఆ ఉంగరం కిటికీలోంచి వెళ్ళేది. నువ్వు అప్పుడు అలాంటిదానివి. ఇప్పుడూ అంతే. కోపమంతా నా మీదికి వస్తే ఓ నెలకి చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. అప్పటికి నీకు పెళ్ళయిపోయింది, ఇక చెప్పడానికి దారి లేకపోయింది.

నా ప్రతి పోలేదు. కాలవలో పారేశాను. నీ ప్రతి అటకమీద ఉందని నాకు తెలియదు. తెలిస్తే అదీ కాలవలోకే వెళ్ళేది.

కోటుల పక్కన కూర్చున్న సంగతి మర్చిపో. అక్కడ వెచ్చగా ఉండింది.

అమ్మకి చెప్పాను. ఆవిడ కోపమల్లా నువ్వు టేపు నువ్వే కోసినందుకు. అది తన పని అంటోంది. నువ్వు చింపి పంపిన పాత్ర కాగితాన్ని అదే టేపుతో అతికించి బల్ల మీద పెట్టింది. కానీ ఏం లాభం? నువ్వు చదివేశావు. ఇక ఆడలేవు. క్లైవ్‌కి ఏం చెప్పాలో తోచడం లేదు. హాలు వద్దని చర్చివాళ్ళకి రేపు చెబుతాను.

మాల్కమ్


నార్విచ్,
14 అక్టోబర్ 2000

అన్నయ్యా,

హాలు వద్దని చెప్పావో, ఈసారి నిజంగానే చంపుతాను.

చదివినవాళ్ళు ఆడకూడదు. నిజమే. నడపకూడదని ఎక్కడుంది? నవంబర్ నాలుగున ఉప్పు బావి నేను నడుపుతాను. నువ్వు ఆడతావు. ఎన్నో ఏళ్ళు మా అందరికీ కథలు నడిపావు, నీకంటూ ఒక్క పాత్ర లేదు. అమ్మ అతికించిన కాగితం ఎలాగూ బల్ల మీద ఉంది, దాని మీద నీ పేరు రాసుకో. ఎప్పుడో చదివింది మర్చిపోయినట్టు నటించు. నటన నీకు బాగానే వచ్చని తేలింది కదా.

నా పాత కుర్చీలో కూర్చో. తలుపు దగ్గర ఈసారి ముందు నిలబడేది రస్సెల్ మంత్రగాడు. అతనికి చెప్పాను, సరేనన్నాడు. అక్కడికి రాగానే అతన్ని టీ పెట్టమని వంటింట్లోకి పంపిస్తాను. క్లైవ్‌కి, హోవర్డ్‌కి, నీకు తలా ఒక చీటీ ఇస్తాను.

వాళ్ళిద్దరూ ఏం రాస్తారో నాకు తెలియదు. నువ్వేం రాస్తావో తెలుసు. రస్సెల్‌ని ఇంటికి తిరిగి తీసుకెళ్ళాలని ఉంది నాకు, అందుకే నిన్ను ఆడమంటున్నాను.

ముందురోజు శుక్రవారం సాయంత్రానికే అక్కడుంటాం. కప్పు కారే చోట బకెట్టు పెట్టి ఉంచు.

నీ
లొరెయిన్